గొంతు అక్కర్లేని సర్వరు

వీడియో కాల్ తెర నిండా మీసం అని పిలిచే ఆయన ఇంటి పైకప్పు కనిపిస్తోంది. తెల్ల సున్నం, మధ్యలో పంకా, దాని రెక్కల అంచున పేరుకున్న దుమ్ము. మీసం తన ఫోన్ను బల్ల మీద వెల్లకిలా పడేసి కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు. ఆ గదిలో అతని మనవరాళ్ళిద్దరూ దేనికోసమో జుట్లు పట్టుకుంటున్నారు. వాళ్ళ అరుపులు ఆగేదాకా ఆ పైకప్పే పెళ్ళిపెద్దలా తెరంతా ఆక్రమించి కూర్చుంది. మిగతా ముగ్గురూ అడుగున తపాలా బిళ్ళలంత అయిపోయారు.

"ఆ పంకాను అవతల పారెయ్యి," అంది అమ్మ.

అన్నది నోటితో కాదు, చేతులతో. అమ్మకు పుట్టుకతోనే చెవులు వినపడవు. తెరలో ఉన్న మిగతా ముగ్గురికీ అంతే. నలుగురూ ఒకే బడిలో చదివి, ఒకే హాస్టల్లో పడుకుని, కొట్టుకుని, కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళలో వాళ్ళకు కాగితాల మీది పేర్లతో పనిలేదు. బట్టలు కుట్టే అమ్మ పేరు సూది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో ఒక్క పోటు పొడిస్తే అమ్మ అన్నమాట. అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన ఆయన మీసం, అది గీయించేసి ఎన్నేళ్ళయినా సరే. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నావిడ ఇప్పటికీ రెండుజడలే. నాలుగో ఆవిడ సొట్టబుగ్గ. అమ్మ పక్కన కూర్చున్న కూతురు ఆ గుంపులో చెవులున్న ఒకే ఒక్క పిల్ల కాబట్టి ఆమె చిట్టిచెవి. చిటికెనవేలితో చెవితమ్మెను తాకితే ఆమెను పిలిచినట్టు. నలభై దాటినా ఆ పేరు మారలేదు.

"నేను పారేసేది కాదమ్మా అది. ఎవరు చప్పుడు చేస్తే వాళ్ళని పెద్దగా చూపిస్తుంది," అంది చిట్టిచెవి, తనూ చేతులతోనే.

"మాట్లాడేవాళ్ళని కదా చూపించాలి?"

"చప్పుడే మాట అనుకుంటుంది."

అమ్మ పెదవి విరిచి మళ్ళీ తెరలోకి వంగింది. ఆమె చూపంతా కింద మూలనున్న బిళ్ళ మీదే ఉంది. అందులో సొట్టబుగ్గ. మంచంలో ఉంది. మందు సీసాకు ఆనించిన ఫోన్లోంచి నుదురూ, కళ్ళూ, దిండు మీద చెదిరిన నాలుగు వెంట్రుకలూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆస్పత్రివాళ్ళు ఇక తాము చేసేదేమీ లేదని ఇంటికి పంపేశాక, ఆమెను అమ్మ చూడడం ఇదే మొదటిసారి. వెళ్ళి చూద్దామంటే రెండు రాత్రుల రైలు ప్రయాణం. మోకాలి ఆపరేషనైన అమ్మకు కట్టు ఇంకా విప్పలేదు.

బిళ్ళలో సొట్టబుగ్గ భుజం కదిలింది. ఏదో చెప్పబోతోందని అందరికీ తెలిసిపోయింది. రెండుజడలు ముక్కు తెరకు తగిలేంతగా ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఓ మూల అక్షరాలు పడ్డాయి. నెట్ బలహీనంగా ఉంది, మాటలు స్పష్టంగా వినిపించడం కోసం వీడియో ఆపుతున్నాం అని. సొట్టబుగ్గ ఉన్నచోట నల్లటి చదరం మిగిలింది.

ఆ నలుపులోంచి సన్నగా ఓ మూలుగు వచ్చింది. ఆ వెనకే ఇనప మంచాన్ని దేనితోనో తడుతున్న టకటక చప్పుడు. అది చిట్టిచెవికి ఒక్కదానికే వినిపించింది.

"ఏమైంది? ఏమంటోంది?" అమ్మ ఆమె మోచెయ్యి పట్టి కుదిపింది.

"బొమ్మ ఆగిపోయింది. గొంతు వస్తోంది."

"గొంతు నాకెందుకు? చేతులేవీ?"

చిట్టిచెవి ఫోన్ తీసుకుని, తను పిన్నీ అని పిలిచే సొట్టబుగ్గ ఇంటికి, ఆమె కోడలికి చేసింది. ఆ పిల్ల గొంతులోనే అలసట తెలుస్తోంది.

"ఏం చెయ్యమంటారు వదినా, మా వీధిలో నెట్టు ఎప్పుడూ ఇంతే. ఆయనేమో లోడు వేసుకుని లారీ మీద వెళ్ళారు, వారం దాకా రారు. అత్తయ్యగారికేమో మతి స్థిమితం తప్పుతున్నట్టుంది. తినరు, మింగరు. పిచ్చిదానిలా చేతులు ఆడిస్తారు. దగ్గరికెళ్తే కొడుతున్నారు."

"ఏమంది?" అడిగింది అమ్మ.

చిట్టిచెవి చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నీరసంగా ఉందట. సరిగ్గా తినడం లేదట," అని చెప్పింది. పిచ్చి అన్న మాట, కొట్టడం అన్న మాట తనలోనే ఉంచుకుంది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమె పని అదే. డాక్టర్లు, బ్యాంకువాళ్ళు, చుట్టాలు, చావు కబురు చెప్పేవాళ్ళు అందరూ ముందు ఆమె చెవిన వేస్తారు. అందులో రాళ్ళు ఏరి అమ్మ చేతిలో పెట్టేది ఆమే.

అమ్మ ఆ నల్ల చదరం వైపు చూస్తూనే ఉంది. చివరికి అంది: "నీకు తెలిసిన విద్య ఇదేగా. బొమ్మ ఆగకుండా ఏదో ఒకటి చెయ్యి."

చిట్టిచెవి ఉద్యోగం సర్వర్లతోనే. ఓ పెద్ద ఆఫీసు కింది అంతస్తులో, ఎండాకాలంలోనూ స్వెట్టర్ వేసుకోవాల్సిన చలిగదిలో, రోజంతా గుయ్యిమనే పెట్టెల మధ్య ఆమె కుర్చీ. మర్నాడు పెద్దసారు దగ్గరికెళ్ళి, స్టోర్లో పడేసిన పాత మిషన్లలో ఒకటి కావాలని అడిగింది.

"ఆ తుక్కెందుకమ్మా నీకు?"

"ఇంట్లో వీడియో మీటింగుల సర్వర్ పెట్టుకుంటాను సార్."

"ఊరికే దొరికేవి బోలెడు ఉండగా ఇంట్లో ఎందుకు? ఆవు పాల కోసం ఆవును కొనుక్కున్నట్టుంది నీ పని," అని నవ్వాడు ఆయన. ఆమె చెప్పింది. వినపడని వాళ్ళకు ఆ ఊరికే దొరికేవి ఎందుకు పనికిరావో, నెట్ తగ్గగానే అవి ముందు దేన్ని వదిలేస్తాయో చెప్పింది. ఆయన నవ్వు ఆపి, కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. "నాకెప్పుడూ తట్టలేదు సుమా," అని, ఆ పెట్టెను కారు దాకా తనే మోసుకొచ్చాడు.

ఆ వారం సెలవురోజు పొద్దున్నే చిట్టిచెవి ఆ మిషన్ను వంటింటి పక్క గదిలో, కుట్టు మిషన్ పక్కనే పెట్టింది. మూత విప్పి దుమ్ము ఊదింది. పాత డిస్క్ తుడిచేసి కొత్తగా అన్నీ ఎక్కించడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కిస్తున్నది ఎవరైనా తీసుకుని, లోపల విప్పి చూసుకుని, తమకు కావలసినట్టు మార్చుకోమని దాన్ని రాసినవాళ్ళు నెట్‌లో వదిలిపెట్టిన ప్రోగ్రామ్. ఇన్నాళ్ళూ వాడినది అద్దె ఇల్లయితే ఇది సొంతిల్లు. గోడ కొట్టుకోవాలన్నా కిటికీ పెట్టుకోవాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. అయితే చూరు కారితే ఎక్కాల్సిందీ తనే.

కారనే కారింది. అమ్మ ముందు గదిలో, తను మేడమెట్ల మీద ఫోన్ పట్టుకుని పరీక్షిస్తే దివ్యంగా ఉంది. రెండుజడల్ని కూడా రమ్మనగానే ముగ్గురి బొమ్మలూ ఒక్కసారి నల్లబడ్డాయి. రెండుజడలు వెళ్ళిపోతే మళ్ళీ వచ్చాయి. ఇద్దరుంటే వెలుగు, ముగ్గురైతే చీకటి. చిట్టిచెవి నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

"మేడమ్, ఒకసారి రౌటర్ ఆపి ఆన్ చేశారా?"

"చేశాను బాబూ."

"అయితే ఇంకోసారి చేసి చూడండి మేడమ్."

ఆ మర్యాద అంతా అయ్యాక, పై మనిషి లైన్లోకి వచ్చి, వీధిలో అందరికీ కలిపి ఇచ్చిన చిరునామా కాకుండా ఈ ఇంటికంటూ విడిగా ఒకటి ఇచ్చాడు. అయినా చీకటి తగ్గలేదు. అన్నం కూడా తినకుండా సర్వర్ తనలో రాసుకున్న చిట్టా అంతా చదివితే అప్పుడు పట్టుబడింది. ఇద్దరే ఉంటే వాళ్ళ ఫోన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. మూడో మనిషి రాగానే అందరి బొమ్మలూ సర్వర్ గుండా పోవాలి. ఈ సర్వరేమో తనెక్కడుందంటే ఇంటి లోపలి చిరునామా చెప్తోంది. దూరాన్నుంచి వచ్చే చుట్టానికి ఊరూ వీధీ చెప్పకుండా, మా వంటింటి పక్కగదికి రండి అన్నట్టు. ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస మార్చింది. మెట్ల మీదికి పరిగెత్తి చూసేసరికి ముగ్గురూ ఉన్నారు.

ఇక మార్పులు. ముందుగా గొంతు తీసేసింది. ఎవరి మైకూ పనిచెయ్యదు, ఎవరింటి పంకా పెద్దరికం చెయ్యదు. అందరి గడులూ ఒకే కొలత. నెట్ ఎంత తగ్గినా వీడియో ఆపకూడదు. తగ్గించాల్సి వస్తే ఏం తగ్గించాలన్న దగ్గర ఆగి, అమ్మను కూర్చోబెట్టుకుంది. అద్దంలా మెరిసే బొమ్మ పంపితే రెండుజడల చేతులు ఆగి ఆగి గెంతుతున్నాయి.

"వేళ్ళన్నీ అతుక్కుని అట్లకాడలా ఉంది," అంది అమ్మ.

బొమ్మ నాణ్యం తగ్గించి వేగం పెంచింది. రెండుజడల ముఖం మసకబారింది కానీ చేతులు నీళ్ళలా కదిలాయి.

"ఇది. ఇలాగే ఉంచు. దాని ముడతలు ఎవరిక్కావాలి?"

అవతల రెండుజడలు ఆ మాట చూసేసి చెయ్యెత్తి కొట్టబోయింది. అమ్మ నవ్వింది. కుంటుకుంటూ వెళ్ళి, కుట్టగా మిగిలిన నల్లగుడ్డ తెచ్చి తన కుర్చీ వెనక గోడకు గుండుసూదులతో బిగించింది, చేతులు తేటగా కనబడాలని. కూతురు అక్షరాలు కొట్టుకుంటూ ఉంటే పక్కనే కూర్చుని మోటారు పెట్టిన కుట్టు మిషన్ మీద కాజాలు తీసింది. సాయంత్రమయ్యేసరికి గదిలో రెండు మిషన్ల చప్పుడు కలిసిపోయింది. చిట్టిచెవి ఒక్కతే విన్నది దాన్ని.

మర్నాడు మధ్యాహ్నం కోడలికి ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పింది. మందు సీసా వద్దు. మంచం కాళ్ళ వైపు కుర్చీ వేసి, దాని వీపుకు ఫోన్ ఆనించు. ముఖం ఒక్కటే కాదు, నడుము దాకా కనపడాలి. కిటికీ తెర తియ్యి. కోడలు విసుక్కోకుండా అన్నీ చేసింది.

రెండుజడలు వచ్చింది. మీసం వచ్చాడు. ఈసారి ముందే కళ్ళజోడు పెట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మరీ వచ్చాడు. అందరూ ఒకే కొలతలో వరసగా. చివరి గడి మెల్లిగా వెలిగింది. మంచం, దుప్పటి, సన్నగా ఎండిపోయిన సొట్టబుగ్గ. ఆమె ఎడమచెయ్యి పైకి లేచి గాలిలో వణికింది. అందులో సగం మాటే ఉంది. రెండో సగం కోసం అందరూ కుడిచేతి వైపు చూశారు.

కుడి మణికట్టుకు తెల్లటి బ్యాండేజీ గుడ్డ చుట్టి, దాని కొస మంచం ఇనప కమ్మీకి ముడేసి ఉంది.

అమ్మ చేతులు లేచినవి లేచినట్టే ఆగిపోయాయి. రెండుజడలు ముఖం కప్పుకుంది. మీసం తనకే తెలీకుండా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు బడిలో, నోటితో మాట్లాడడం రావాలని వాళ్ళను అలాగే కూర్చోబెట్టేవాళ్ళు.

చిట్టిచెవి ఫోన్ చేసింది. కోడలు అవతల గదిలోంచి ఎత్తింది.

"అమ్మాయ్, పిన్ని చెయ్యెందుకు కట్టారు?"

"నేనేం పగబట్టి కట్టానా వదినా?" కోడలు ఒక్కసారిగా పేలింది. "సెలైన్ సూది రెండుసార్లు పీకేసుకున్నారు. దుప్పటంతా రక్తం. ఉతికిందెవరు, నేను. కట్టకపోతే లాభం లేదని నర్సే చెప్పింది. నిద్రలేక నా కళ్ళు పేలిపోతున్నాయి. మీకేం, దూరాన్నుంచి తెరలో చూసి అడుగుతారు."

"నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. ఆ చెయ్యి విప్పు. పిన్ని మాట్లాడేది ఆ చేత్తోనే."

తెరలో కోడలు గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఆడించేదంతా... మాటలేనా?"

"అన్నీ మాటలే."

"మా ఆయనకే ఈ సైగల్లో అన్నం, నీళ్ళు, రా, పో, అంతకు మించి రావు వదినా. వాళ్ళమ్మమ్మ దగ్గర పెరిగారుగా. నాకెవరు చెప్తారు?" అవతల సొరుగు లాగిన చప్పుడు. "నేను చెయ్యి మాత్రమే కట్టాననుకున్నాను."

కాసేపటికి తెరలోకి కత్తెర వచ్చింది. దాని వెనక కోడలి గాజుల చెయ్యి. ఫోన్లో ఆమె ముక్కు ఎగబీల్చడం వినిపిస్తోంది. తెరలో గుడ్డ తెగి రాలింది. సొట్టబుగ్గ మణికట్టును రెండోచేత్తో రుద్దుకుంది. చాలాసేపు రుద్దుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, సన్నగా నవ్వితే, కండ లేని ఆ బుగ్గలో సొట్ట ఇంకా ఉంది.

"సూదీ, లావెక్కావే," అంది.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నీ వాటా కూడా నేనే తింటున్నా," అంది.

మాటలు కట్టలు తెంచుకున్నాయి. సెలైన్ సూది పీకేసిన సంగతి చిట్టిచెవి చెప్పగా, ఎందుకు పీకావే అని అమ్మ అడిగితే, మాట్లాడే చెయ్యి ఎత్తగానే గుచ్చుకుంటుంది, ఎన్ని రోజులని నోరు మూసుకోను అంది. కోడల్ని ఎందుకు కొట్టావే అని కూడా అడిగింది అమ్మ. ఆ సంగతి ఆమెకెలా తెలిసిందో చిట్టిచెవికి అర్థం కాలేదు. తను చెప్పనే లేదు. అమ్మ ఆమె వైపు చూడకుండానే, "ఫోన్లో వింటూ నువ్వు చెంప తడుముకుంటుంటే నీ ముఖం చూడనా నేను?" అంది.

"నా మంచం చూశావా, తల తలుపు వైపు," అంది సొట్టబుగ్గ. "ఎవరొచ్చేదీ నాకు కనపడదు. వెనకనుంచి వచ్చి మీద చెయ్యి వేస్తుంది. పడుకున్నదాన్ని, ప్రాణం ఎగిరిపోతుంది. చెయ్యి విసురుతా. తర్వాత చూస్తే అదే పిల్ల, పాపం, చెంప పట్టుకుని ఉంటుంది. క్షమించు అంటా. అది దానికి అర్థం కాదు."

చిట్టిచెవి ఈసారి ఒక్క రాయి కూడా ఏరకుండా ఉన్నదున్నట్టు ఫోన్లో చెప్పింది. కోడలు ఏడవలేదు. "అయ్యో," అంది ఒక్కమాట. ఫోన్ కింద పెట్టేసింది. తెరంతా ఊగింది. కుర్చీ పడింది, పైకప్పు కనబడింది, గోడ కనబడింది. మళ్ళీ నిలదొక్కుకునేసరికి మంచం అటుది ఇటు తిరిగి ఉంది. తలుపు దగ్గర కోడలు ఆయాసపడుతూ నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు చెయ్యి ఊపింది. సొట్టబుగ్గ రమ్మంది.

నర్సు మర్నాడు పొద్దున వచ్చింది. విషయం కోడలే చెప్పింది, ఫోన్ స్పీకర్లో పెట్టి.

"చేతికే పెట్టాలనేం లేదు. పొట్ట మీద చర్మం కింద సన్నసూది పెట్టి వదిలేస్తే సరిపోతుంది. నొప్పి మందు కూడా దాన్లోంచే వెళ్తుంది," అంది నర్సు.

"మరి మొన్నే పెట్టకపోయారా?" అంది చిట్టిచెవి.

"చేతుల్తో ఆవిడకేం పనో నాకేం తెలుసమ్మా? నన్నెవరూ అడగలేదు."

ఆ రోజూ, తర్వాతి రోజూ ఆ నాలుగు గడులూ మూతపడలేదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఉన్నారు. అమ్మ తెర ముందే కూర్చుని జాకెట్లకు హుక్సులు వేసింది. మీసం చిక్కుళ్ళు ఒలిచాడు. సొట్టబుగ్గ కాసేపు నిద్రపోయి, లేచి, ఎక్కడ ఆపిందో అక్కడ్నుంచి అందుకునేది. నోట్లో పుళ్ళున్నాయని, అందుకే కారం మింగలేకపోతున్నానని చెప్పింది. కోడలు చల్లటి పాలు చెంచాతో పట్టింది. ఫోన్లో చిట్టిచెవిని అడిగి నాలుగు సైగలు నేర్చుకుంది. నొప్పి, నీళ్ళు, చాలు, నేనే. ఆ నేనే అన్నది తలుపు దగ్గర నిలబడి చేసి చూపించి లోపలికి వచ్చేది. తప్పుగా చేసేది. సొట్టబుగ్గ దిద్దేది.

చిట్టిచెవి ఆఫీసుకు సెలవు పెట్టింది. అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని, అటు కోడలి మాట ఇటూ, ఇటు చేతుల మాట అటూ వేస్తూ, మధ్యలో లేచి మిషన్ వేడెక్కిందేమో చూస్తూ, ఒక్క క్షణం తీరిక లేకుండా గడిపింది. ఇంత అలసటలోనూ ఏదో తృప్తి. పిన్నికి ఈ కొద్ది రోజులైనా మాట తిరిగి తెచ్చిపెట్టింది తనే కదా అన్నది మనసులో ఓ మూల వెచ్చగా ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం సొట్టబుగ్గ ముఖం పాలిపోయి ఉంది. ఊపిరి తీస్తుంటే మెడ దగ్గర గుంట పడుతోంది. అయినా చేతులు ఆడుతూనే ఉన్నాయి, బద్ధకంగా, దుప్పటి మీంచి ఎక్కువ లేవకుండా. ఆమె ఏదో చెప్పబోయి, చిట్టిచెవి వైపు చూసి ఆగింది. అమ్మ వెనక్కి తిరిగింది.

"నువ్వు వెళ్ళు," అంది.

"ఎక్కడికి?"

"లోపలికి. తలుపు వేసి వెళ్ళు."

"ఏదైనా అవసరమైతే, కోడలికి చెప్పాలంటే..."

"మేం నలుగురం మాట్లాడుకోడానికి నువ్వెందుకే?" అమ్మ ముఖంలో కోపం లేదు. ఉన్నమాట అన్నంత తేలిగ్గా అంది. ఆ వెంటనే కూతురి చెవితమ్మెను రెండు వేళ్ళతో మెల్లగా లాగి వదిలింది. "కాసేపు పడుకో."

చిట్టిచెవి లేచింది. తలుపు దగ్గరగా వేసి, వంటింటి పక్క గదిలోకి వెళ్ళి సర్వర్ ముందు కూర్చుంది. చిన్నపిల్లలా ఉక్రోషం వచ్చింది ఆమెకు. ఇన్నేళ్ళలో అమ్మ ఎప్పుడూ ఏ మాటలోంచీ ఆమెను బయటికి పంపలేదు. పంపితే అమ్మకే జరుగుబాటు లేదు. ఈ ఇంట్లో తను లేకుండా ఏ మాటైనా జరుగుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

చేతులు ఊరుకోక ల్యాప్‌టాప్ తెరిచింది. సర్వర్ లోపల ఏం జరుగుతోందో చూపించే గీతలు అందులో కదులుతున్నాయి. ఒక్కొక్కరి నుంచి ఎంత వీడియో వస్తోందో నాలుగు రంగుల్లో నాలుగు గీతలు. చూస్తూ ఉండగా ఓ సంగతి తట్టింది. కదలని బొమ్మను పంపడం తేలిక, చేతులాడితే బరువు. గీత లేస్తే ఆ మనిషి మాట్లాడుతున్నట్టు. ఆకుపచ్చది లేస్తే రెండుజడలు. ఆ వెంటనే నీలం లేచింది, అది మీసం. ఎరుపు అమ్మ, ఎప్పటిలాగే అందరికన్నా ఎక్కువ. పసుపు గీత సొట్టబుగ్గది. చిన్నచిన్న అలలుగా, ఆగి ఆగి, కానీ తెగకుండా వస్తోంది. అది లేచినంతసేపూ మిగతా మూడూ అణిగి ఉంటున్నాయి. ఏం చెప్పుకుంటున్నారో తెలీదు. పెద్ద కథే చెప్తోంది పిన్ని. ఒకచోట మూడు గీతలూ ఒక్కసారి పైకెగిశాయి. గోడ అవతల అమ్మ నవ్వు వినిపించింది. తన నవ్వు ఎలా ఉంటుందో అమ్మకు తెలియదు. బయట ఎక్కడా అలా నవ్వదు. చిట్టిచెవి ఉక్రోషం మరిచి తనూ నవ్వింది.

పసుపు మళ్ళీ లేచింది. కాస్త పైకి, ఇంకాస్త పైకి. తర్వాత వంగి, వంగి, నేలబారుగా సాగింది.

ఎరుపు కొంచెం లేచి ఆగింది. పిలిచినట్టుంది. పసుపు కదల్లేదు. ఎరుపూ పడుకుంది. నీలం పడుకుంది. ఆకుపచ్చ కూడా.

నాలుగూ నేలబారుగా ఉన్నాయి. చిట్టిచెవి కుర్చీ ముందుకు లాక్కుంది. నెట్ పోయినట్టుంది, సరిగ్గా ఇప్పుడే పోవాలా అనుకుంది. రౌటర్ చూసింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. మిషన్ వేడి చూసింది. చల్లగానే ఉంది. సర్వర్ రాసుకునే చిట్టా వరుస వరుసగా చదివింది. నలుగురూ కలిసే ఉన్నారు, ఒక్క తప్పూ లేదు. ఎక్కించిన రోజు నుంచీ అంత బాగా ఎప్పుడూ నడవలేదు ఆ సర్వరు. బాగుచెయ్యడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆమె మళ్ళీ మొదటినుంచీ చదవసాగింది.

ఫోన్ మోగింది.

"వదినా," అంది కోడలు. ఆ పైన మాట రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

చిట్టిచెవి ఫోన్ పట్టుకునే లేచింది. అమ్మకు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలి? నాన్న పోయినప్పుడు ముందు అమ్మను కూర్చోబెట్టింది. అమ్మమ్మ పోయినప్పుడు అన్నం తిననిచ్చి చెప్పింది. ఈసారి ఏ మాట ముందు, ఏది వెనక అని పేర్చుకుంటూ తలుపు తోసింది.

అమ్మ అలికిడికి కాదు, మారిన వెలుగుకు తల తిప్పింది. కూతురి ముఖం చూసి, చేతిలోని ఫోన్ చూసి, చెయ్యెత్తి ఆగమంది.

"నాకు తెలుసు," అంది. "ఇలా వచ్చి కూర్చో. నేను చెప్తాను."

చిట్టిచెవి కూర్చుంది. చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు. ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు కూడా ఎప్పుడూ చూడనంత శ్రద్ధగా అమ్మ చేతుల వైపు చూసింది. అమ్మ తొందరపడకుండా, కూతురి కళ్ళలో నీళ్ళు నిండినప్పుడల్లా ఆగి, తుడుచుకోనిచ్చి, మళ్ళీ చెప్పింది. నొప్పి లేదు. మాట్లాడుతూనే ఉంది. హాస్టల్ వంటమనిషి చెప్పుల్ని బావిలో వేసిందెవరో ఇన్నేళ్ళకు ఒప్పుకుంటానంది. మేం నవ్వాం. అదీ నవ్వింది. తర్వాత చేతులు దుప్పటి మీదికి దించి మావైపు చూసింది. చూస్తూనే ఉంది. ముందు మీసానికి తెలిసింది.

తెరలో మీసమూ రెండుజడలూ తమ గడుల్లో కదలకుండా ఉన్నారు. నాలుగో గడిలో మంచం పక్కన నేల మీద కూర్చుని కోడలు ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది. రెండోచేత్తో అత్తగారి కుడిచేతిని పట్టుకుని ఉంది.

"వదినా, ఉన్నారా?" ఫోన్లో అడిగింది ఆమె. "నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అంతా చూశాను కానీ నాకేం తెలీలేదు. చివర్లో ఏదో అన్నారు అత్తయ్యగారు. చేతులు దించే ముందు. ఏమన్నారో అడగరూ?"

చిట్టిచెవి అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించింది. మరిచిపోయి కాదు, ఆ మాటను మరొకరి చేతిలో పెట్టాలా వద్దా అన్నట్టు. తర్వాత సొట్టబుగ్గ చేసినట్టే బద్ధకంగా, చేతులు ఎక్కువ లేపకుండా చేసి చూపించింది.

"మిగతాది రేపు చెప్తా అన్నారట," అంది చిట్టిచెవి ఫోన్లో.

"రేపు అన్నారా?"

"రేపు అంది."

అమ్మ అప్పటికే తెర వైపు తిరిగింది. మీసం ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.